ఉట్నూరు తొలిచూపు

మన యిండ్లలో స్త్రీలకు ప్రయాణమనగా మూడే కారణములు: పుట్టినిల్లు, పురుడు, పుణ్యక్షేత్రము. ఈ మూటిలో దేనికిని జెందక, ఒక యూరిని చూచి వచ్చుటకే గడప దాటుట యిరుగుపొరుగులకు వింతగా దోచును. నేటి కాలమున వీపున నొక్క సంచి తగిలించుకొని, పొద్దు క్రుంకినచోట నిలుచుచు, దేశదేశములు చూచు యువతీయువకులు లోకమంతటను గలరు. వారిలో గొందఱు రాజస్థానపు టెడారిలోని జైసల్మేరువంటి మారుమూల పట్టణములను జేరి, అచ్చట తమకు దోచిన తొలి భావములను వ్రాయుచుందురు. మేమంత దూరము పోలేదు. కరీంనగరమున బస్సెక్కి, గోదావరి దాటి, ఆదిలాబాదు జిల్లాలోని యుట్నూరు చేరి, మూడు దినములు మసలి తిరిగి వచ్చితిమి. మా వీపులమీదను సంచులే యుండెను. మా కెదురైనదియు నొక విధమైన యెడారియే. ఆ సంగతి ముందు చెప్పెదము.

మా వారు బడిపంతుళ్లు. గత చైత్రమున వారికి ఉట్నూరు ప్రాంతపు పాఠశాల యొకదానికి బోవు నవకాశము కలిగినది. అవునో కాదో పదునైదు దినములలో తెలుపవలెను. మా యింట డెబ్బది దాటిన అత్తగారున్నారు, తొమ్మిదేండ్ల కూతురున్నది. మాట చెవినబడినది మొదలు చుట్టములందఱును సలహాలు చెప్పసాగిరి. ఒకరు జ్వరములన్నారు, ఒకరు పాములన్నారు, మఱియొకరు పులులన్నారు. మా అత్తగారు మాత్రము, "అడవికా బిడ్డా! అక్కడి నీళ్లు మనకు పడ్తయా?" యని యొక్క మాటే యనిరి. ఇన్ని చెప్పినవారిలో ఆ యూరు కంట జూచినవారు ఒక్కరును లేరు. కాపురము పెట్టవలసిన యూరిని ఇల్లాలు చూడకుండ నిర్ణయించుట తగదని మా వారితో జెప్పితిమి. వారును సరియనిరి. అమ్మాయిని అత్తగారి యొద్ద నుంచి మే మిరువురము బయలుదేరితిమి.

వీపు సంచిని గూర్చి సోదరీమణులకు రెండు మాటలు. చేతిపెట్టె యున్నచో బస్సు ఎక్కుటకు నొకరు, పెట్టె నందించుటకు నొకరు కావలెను. సంచి వీపున నున్నచో రెండు చేతులును ఖాళీగా నుండును. నడకకును అడ్డు కాదు. పైట చెంగును ముందుగా నడుమున దోపుకొనిన, పట్టీల క్రింద చీర నలగదు. మా సంచిలో రెండు నేతచీరలు, తువ్వాలు, రాగి చెంబు, చేతిదీపము, జ్వరపు మాత్రలు, ఉప్పు, పంచదార, నిమ్మకాయలు, అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లపు ముక్క యుండెను. మూడు దినములకు ఇంతకన్న నక్కఱలేదు. బస్సులో మాకు సున్న రూపాయల టికెట్టు. 2023 డిసెంబరు 9 మొదలు తెలంగాణములో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు గదా! మా వారు మాత్రము పైకము చెల్లించి, "పెద్దనగారి ప్రవరునికి సిద్ధుడు పాదలేపము ఊరకయే యిచ్చెను, నీకు ప్రభుత్వము టికెట్టు ఇచ్చినది" అని హాస్యమాడిరి. ప్రవరుని లేపము మంచులో గరిగి, ఇల్లు చేరు దారి లేకపోయెను. మాకు తిరుగు బస్సు కలదని మేము సమాధానము చెప్పితిమి.

జగిత్యాల దాటి ధర్మపురి చేరునప్పటికి ఎండ చుఱుక్కుమనుచుండెను. నరసింహస్వామికి బస్సులోనుండియే నమస్కరించితిమి. రాయపట్నము వంతెనమీద గోదావరిని చూచితిమి. ఆ కాలమున నదిలో ఇసుకయు బండలును మెండు. నడుమ నడుమ నీటి మడుగులు మెఱయుచుండెను. లక్షెట్టిపేట, జన్నారము గడచిన పిమ్మట అడవి మొదలగును. ఇది 2012లో పులుల రక్షితప్రదేశముగా బ్రకటింపబడిన కవ్వాల అడవి.

అడవి యనగానే కావ్యములు చదివినవారికి చిగుళ్లు, తీగెలు, కోయిలలు స్ఫురించును. మా తండ్రిగారి యొద్ద మేము చదివిన ప్రబంధములలో వసంతవర్ణన లేనిది లేదు. ఇక్కడ చైత్రమున చెట్లకు ఆకు లేదు. ఇరుప్రక్కల టేకు చెట్లు బూడిదరంగు కొమ్మలతో, ఎండిన కట్టెలు పాతినట్లు, కనుచూపుమేర నిలిచియుండెను. వేసవిలో నీరు చాలదు గనుక, ఆకుల గుండ నీరు ఆవిరి గాకుండ టేకు తన ఆకులను తానే రాల్చుకొనును. రాలిన యాకులు నేలమీద బెళుకుబెళుకుమనుచు గాలికి కదలుచుండెను. నీడలేదు, పచ్చదనము లేదు, పక్షి కూతయు నరుదు. ఇసుక లేదను మాటే గాని, మరుభూమి యిట్లే యుండునని మాకు దోచినది. ఆ బోసితనములో ఇప్పచెట్లు మాత్రము పూచియుండెను. లేత పసుపు పూలు మెత్తగా నేల రాలుచుండగా, స్త్రీలును పిల్లలును గంపలలో నేఱుచుండిరి. ఈ పూలు ఎండబెట్టి నిలువ చేసికొందురు. ఉట్నూరులో స్త్రీలు వీనితో లడ్డులు చేసి యమ్ముచున్నారు, తిని చూచితిమి. ఖర్జూరపు రుచిని పోలిన తీపి, వెనుక కొంచెము వగరు.

ఉట్నూరు పెద్ద పట్టణము కాదు, పల్లెయు గాదు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థవారి కార్యాలయ మిచ్చటనే యున్నందున చుట్టుప్రక్కల మండలములవా రందఱును ఇచ్చటికి వత్తురు. పూర్వము గోండు ప్రభువుల కోట యొకటి శిథిలమై యున్నది. బస్సు దిగగానే మమ్ము తాకినది దుమ్ము. దాని వెంటనే భాషలు. ఒక్క టీ కొట్టు ముందు నిలిచిన అరగడియలో తెలుగు, గోండి, మరాఠీ, ఉర్దూ, లంబాడీ పలుకులు వింటిమి. పలకరింపుగా "రాం రాం" అనుట యందఱికిని సమానము. ఒక దుకాణమున నాగటి కఱ్ఱు, ప్రక్క దుకాణమున చేతిఫోను. పచ్చి కూరగాయలు కరీంనగరపు అంగడిలో వలె దొరకవు గాని, పప్పుధాన్యములకును జొన్నలకును కొఱత లేదు. ఊర ప్రభుత్వ వైద్యశాల కలదు. కష్టమైన రోగములకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున ఆదిలాబాదులోని రిమ్సు వైద్యశాలకు బోవలెను. అత్తగారి నిమిత్తమై ఈ విషయమును ముందుగా విచారించితిమి. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండ. చలికాలమున ఈ సీమలో 5 డిగ్రీలవఱకు దిగుట యున్నది. ఉన్నిబట్ట లేనిదే సాగదు.

ఆ రాత్రి పరిచయస్థుల యింట నుండి, మఱునాటి యుదయము బాట వదలి యొక గోండు గూడెమునకు నడచి పోయితిమి. ఇండ్లు దూరదూరముగా, గోడలు మట్టితో నలికి, వాకిళ్లు పేడతో నలికి, అద్దమువలె నుండెను. చీపురు తగులని యడుగు నేల కనబడలేదు. గూడెములో కుళాయి యున్నది గాని ఆ వారము నీరు రాలేదని చెప్పిరి. స్త్రీలు ఎండిన వాగులో చెలమ త్రవ్వి నీరు తెచ్చుచుండిరి. మేమును వారి వెంట పోయి చూచితిమి. మోకాలిలోతు గుంట, అడుగున నీరు కన్నీటివలె నూరును. సొరబుఱ్ఱతో గొంచెము గొంచెముగా దోడి, గుడ్డ వడబోసి బిందె నింపవలెను. మే మచ్చట నుండగా నొక బిందె నిండుటకు దాదాపు అరగంట పట్టినది. వెనుక నాలుగు బిందెలు వరుసలో నుండెను.

తిరిగి వచ్చునప్పటికి ఒక అవ్వ తన వాకిట మంచము వాల్చి, మమ్ము గూర్చుండు మనెను. పిమ్మట నొక చెంబుతో కాళ్లు కడుగుకొనుటకు నీళ్లు, వేఱొక చెంబుతో త్రాగుటకు నీళ్లు దెచ్చి ముందు నుంచెను. మే మప్పుడే చెలమను చూచి వచ్చితిమి. "కాళ్లకు వలదు, అవ్వా" అంటిమి. ఆమె యొప్పలేదు. ఇంటికి వచ్చినవారు కాళ్లకు నీళ్లు లేక లోన అడుగిడుట ఆమె యింటి మర్యాద గాదు. మన యింటి మర్యాదయు గాదు గదా! వ్రేళ్లు తడియునంత మాత్రము వాడి, మిగిలిన నీటిని ఆమె పెరటి మిరపమొక్కకు బోసితిమి. త్రాగు నీరు చుక్క మిగులకుండ త్రాగితిమి.

అశ్వమేధపర్వములో ఉదంకుని కథ సోదరీమణులు వినియుందురు. కోరినప్పుడెల్ల నీరు లభించునట్లు శ్రీకృష్ణుడు ఆ మునికి వరమిచ్చెను. మునియు మరుభూమిలో దిరుగుచు దప్పిగొని, కృష్ణుని స్మరించెను. అప్పుడు మలినదేహుడైన యొక వేటగాడు, కుక్కలతో వచ్చి నీరు త్రాగు మనెను. ముని యసహ్యించుకొని త్రోసివేసెను. వాడు అమృతము దెచ్చిన యింద్రుడని పిమ్మట దెలిసెను. చిన్ననాట మా తండ్రిగారు ఈ కథ చెప్పి, "నీరిచ్చువాని చేతిని చూడక ముందు నీ దప్పిని చూచుకొమ్ము" అనుచుండెడివారు. ఉట్నూరు పోవునప్పుడు "ఎవరి యింటను నీళ్లు పుచ్చుకొనకుడు" అని మాకు చెప్పి పంపినవా రున్నారు. ఆ మాట ఆ వాకిట మాకు జ్ఞప్తికి వచ్చినది. కాని యీ కథ యిచ్చట పూర్తిగా నతుకదు. ఆ అవ్వ యింద్రుడు గాదు, వేషమును గాదు. అరగంట వంగి తోడిన నీటిలో తన వంతును పరుల కిచ్చిన గృహిణి ఆమె. మనమును గృహిణులమే, బిందె వెల మనకు దెలియును.

ఒక్క ముచ్చట మఱువరాదు. ఇసుక వడబోసిన నీరు తేటగా నుండును గాని, రోగక్రిములు లేవని చెప్పరాదు. మర్యాదకై ఒకపూట త్రాగుట వేఱు, పిల్లలున్న కాపురమున నిత్యము వాడుట వేఱు. కాచి చల్లార్చనిదే త్రాగరాదని మా కాపురమునకు నియమము పెట్టుకొంటిమి. అత్తగారి ప్రశ్నకు అదియే సమాధానము.

అవి యొంటిపూట బడుల దినములు గనుక, ప్రొద్దుటివేళ నొక చిన్న బడిని చూడగలిగితిమి. ఒకటవ తరగతిలో ఒక బిడ్డ మా ముఖము చూచుచు మౌనముగా గూర్చుండెను. మా వారు నీళ్ల చెంబు చూపి, "ఇదేమి?" యని యడిగిరి. బిడ్డ సంకోచించి సంకోచించి, "ఏర్" అనెను. వెనుక బల్లమీది పిల్లలు నవ్విరి. మా వారు నవ్వలేదు. గోండిలో నీటిని ఏర్ అందురు. మన తెలుగున ఏరు అనగా వాగు. కన్ను వారికి కన్, కాలు కాల్, చేయి కయ్. ఒక తల్లి బిడ్డలైన భాషలని వినియుంటిమి గాని, పలకపట్టిన బిడ్డ నోట విన్నప్పుడు మా యొడలు పులకరించినది. ఇంత దగ్గఱి భాష యైనను, ఆ బిడ్డకు తెలుగు వాచకము పరభాషయే. ఇంట నొక్క దినమైనను వినని మాటలతో అక్షరాభ్యాసము మొదలైనచో ఏ బిడ్డ యైనను మౌనము వహింపదా? 2011 జనగణన ప్రకారము గోండి తల్లిభాషగా గలవారు భారతదేశమున సుమారు 29 లక్షల మంది. ఇంత జనము మాటాడు భాషను చిన్నభాష యనరాదు. దానికి లిపి లేదని చాలమంది యనుకొందురు. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలపు గుంజాల గ్రామమున ప్రత్యేక లిపిలో వ్రాసిన గోండి చేవ్రాత ప్రతులు దొరకినవి. ఆ లిపి 2018లో యూనికోడు పట్టికలో స్థానము పొంది, కంప్యూటరులలో వ్రాయుటకు వీలైనది.

ఈ ప్రశ్న క్రొత్తది గాదు. 1940లో జోడేఘాటున కుమ్రం భీము నిజాము బలగముల తుపాకులకు బలియైన పిమ్మట, గోండుల యసంతృప్తికి గారణము తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము హైమండార్ఫు అను పండితుని నియోగించెను. ఆయన వియన్నాలో 1909లో జన్మించినవారు. యుద్ధము వచ్చుటచే హైదరాబాదు రాజ్యముననే నిలిచిపోయిరి. ఆయన పూనికచే 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్ర మేర్పడినది. గోండి వాచకములు సిద్ధమైనవి. భీము పేర నేటికిని వినబడు నినాదము జల్, జంగల్, జమీన్ అనునది. మూటిలో మొదటిది నీరే యగుట ఆ చెలమ చూచిన మాకు యాదృచ్ఛికముగా దోపలేదు.

మార్లవాయి జైనూరు మండలములోనిది; 2016లో జిల్లాలు విడదీసినప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాలో జేరినది. రెండవనాటి సాయంత్రము అచ్చటికి బోయితిమి. గుస్సాడి నాట్యమున 2021లో పద్మశ్రీ పొంది, 2024లో స్వర్గస్థులైన కనకరాజుగారి యూరు నిదియే. దీపావళికి గుస్సాడివారు నెమలిపింఛముల కిరీటము దాల్చి ఊరూర నాడుదురు. మా మనసు నిలిచిన చోటు వేఱు. హైమండార్ఫు భార్య బెట్టీగారు భర్తతో నీ సీమలో గుడిసెలలో కాపురముండి, 1987లో హైదరాబాదులో మరణింపగా, ఆమెను ఈ గూడెముననే సమాధి చేసిరి. ఆ సమాధియొద్ద మేము చాలసేపు నిలిచితిమి.  నీరు కాచినది, దీపము పెట్టినది, రోగపు రాత్రులు మేల్కొన్నది ఎవరో పుస్తకములు చెప్పవు. పంతులుగారి భార్యలకు ఆ సంగతి వేఱుగా జెప్పనక్కఱలేదు. ఐనను ఆ గూడెమువారు ఆమెను మఱువలేదు. దారి అడిగినప్పుడు ఒక పిల్లవాడే ముందు నడచి చూపెను.

మూడవనాడు ఇంద్రవెల్లి మీదుగా కేస్లాపూరు చూచితిమి. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పులలో మరణించిన గిరిజనుల స్మారకస్తంభ మున్నది. చేతులు జోడించి ముందుకు సాగితిమి. కేస్లాపూరున నాగోబా గుడి కలదు. పుష్య అమావాస్యకు జాతర. దానికి ముందు మెస్రం వంశమువారు కాలినడకను గోదావరి యొడ్డున హస్తినమడుగునకు బోయి, స్వామి యభిషేకమునకు కలశముతో నీరు తెత్తురు. ఆ వంశమున క్రొత్తగా మెట్టిన కోడండ్రను జాతరలో స్వామియెదుట నిలిపి పరిచయము చేయుదురు. దానిని భేటింగు అందురు. ఆ కోడలు అప్పటినుండి ఆ వంశమునకు సంపూర్ణముగా చెందినది. మేము బస్సులో గడియలలో దాటి వచ్చిన గోదావరి నీటిని వారు దినముల తరబడి నడచి మోసికొని పోవుదురని వినగా, ఈ సీమలో నీటి కెంత గౌరవమో తెలిసినది. క్రొత్త కోడలిని ముందుగా ఊరి దైవమునకు జూపు నాచారము మాకు మిక్కిలి నచ్చినది. మేమును ఆ గుడిముందు కొంగు కప్పుకొని నిలిచి, మనసులో మా పేరు చెప్పుకొంటిమి.

ఇంటికి వచ్చి అత్తగారికి ఉన్నది యున్నట్లు చెప్పితిమి. ఎండను దాచలేదు, వైద్యశాల దూరమును దాచలేదు, చెలమను దాచలేదు. అవ్వ కాళ్లకు నీళ్లిచ్చిన సంగతి వినునప్పుడు ఆమె వత్తులు చేయుట మాని వినిరి. పిమ్మట మూడు షరతులతో నిశ్చయము చేసికొంటిమి. నీటి వసతి గల యిల్లు ఉట్నూరులోనే చూడవలెను. అమ్మాయి అచ్చటి బడిలో అచ్చటి పిల్లలతోనే చదువవలెను. అత్తగారు ఎండకాలము నాలుగు నెలలు కరీంనగరమున మా మఱదిగారి యొద్ద నుండవలెను. ఈ మూడవదానికి ఆమె యింకను పూర్తిగా ఒప్పుకొనలేదు. "కొడుకు ఒకచోట, నేనొకచోటనా?" యని యనుచునే యున్నారు. ఆ మాటకు మాయొద్ద సమాధానము లేదు. మా వారు మాత్రము సమ్మతి తెలుపుచు ఉత్తరము వ్రాసిరి. గోండి నేర్చుకొనుట కొక నోటుపుస్తకము కొనిరి. మొదటి పుటలో ఏర్, కన్, కాల్, కయ్ అను నాలుగు మాటలు అమ్మాయి చేతి వ్రాతతో నున్నవి.

సోదరీమణులారా! భర్త యుద్యోగమువలన నెఱుగని యూళ్లకు పోవలసిన వారు మనలో నెందఱో కలరు. పోవుటకు ముందొకసారి మీరే వీపున సంచి తగిలించుకొని చూచి రండు. అంగళ్లు, వీధులు పిమ్మట చూడవచ్చును. బిందె నిండుట కెంతసేపు పట్టునో, బడిలో బిడ్డ ఏ భాషలో మౌనముగా నున్నదో, రోగి నే దారిని వైద్యశాలకు గొనిపోవలెనో ముందు విచారింపుడు. ఈ మూడును తెలిసినచో, వెళ్లుటయో మానుటయో మీరే నిర్ణయింపగలరు. జ్యేష్ఠమున బడులు తెఱచునాటికి మేమచ్చట నుందుము. అప్పటికి తొలకరి పడి టేకు చెట్లు ఆకు తొడుగునని గూడెమువారు చెప్పిరి.